కళాచరిత్రను కంటితో చదవడం: రాజమహేంద్రవరం నుంచి సామర్లకోట దాకా

విశ్వవిద్యాలయ స్థాయిలో కళాచరిత్ర పాఠం అనగానే చీకటి గదిలో తెర మీద ఒకదాని వెంట ఒకటి కదిలిపోయే బొమ్మలు, వాటితోపాటు అధ్యాపకుడు వరసగా చెప్పుకుపోయే రాజవంశాల పేర్లు, శతాబ్దాలు, శైలీ లక్షణాలు గుర్తుకు వస్తాయి. ఈ పద్ధతి వయసు నూరేళ్ళకు పైమాటే. 19వ శతాబ్దం చివరలోనూ 20వ శతాబ్దం మొదట్లోనూ జర్మన్ విశ్వవిద్యాలయాల్లో గాజుపలకల మీది ఛాయాచిత్రాలను గోడ మీద పెద్దవిగా చూపించే సదుపాయం ఏర్పడినప్పుడు, హైన్‌రిక్ వోల్ఫ్‌లిన్ వంటి పండితులు రెండు చిత్రాలను పక్కపక్కన నిలిపి, వాటి మధ్య భేదాలను పైకి చెబుతూ పాఠం నడిపే తీరును ప్రసిద్ధం చేశారు. మొదట్లో అది చూపుకు పదును పెట్టే సాధనమే అయినా, కాలక్రమంలో పాఠ్యాంశం పెరిగి, పరీక్షల ఒత్తిడి పెరిగి, పోల్చే పని అధ్యాపకుడికీ, పోలికను రాసుకునే పని విద్యార్థికీ మిగిలాయి. గంటలో నలభై బొమ్మలు చూసిన విద్యార్థి ఒక్కదాన్ని కూడా చూడకుండానే బయటికి వస్తున్నాడంటే అందులో అతిశయోక్తి తక్కువే.

ఈ స్థితికి విరుగుడుగా విద్యారంగంలో వినిపిస్తున్న మాట క్రియాశీల అభ్యసనం. విద్యార్థి తరగతిలో విని ఊరుకోకుండా ఏదో ఒక పని చేయడం, చేస్తున్న పని గురించి అదే సమయంలో ఆలోచించడం అని దీనికి 1991లో చార్లెస్ బాన్‌వెల్, జేమ్స్ ఐసన్ అనే అమెరికన్ విద్యావేత్తలు ఇచ్చిన వివరణే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. ఈ వివరణలో రెండో సగాన్ని చాలామంది మరచిపోతారు. విద్యార్థులను గుంపులుగా కూర్చోబెట్టి చార్టుల మీద రంగులు పూయించినంత మాత్రాన అభ్యసనం క్రియాశీలం కాదు. చేతులు కదులుతున్నప్పుడు ఆలోచన కూడా కదలాలి.

గోదావరి డెల్టాలో ఈ చర్చకు ప్రత్యేకమైన సందర్భం ఉంది. ఇక్కడి డిగ్రీ కళాశాలల్లో కళాచరిత్ర చాలావరకు చరిత్ర పాఠ్యాంశంలో ఒక అధ్యాయంగానో, అందులో ఒక పేరాగానో ఉంటుంది. చిత్రకళను ప్రధానంగా చదవదలచినవారు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికో, హైదరాబాదుకో వెళ్ళవలసి ఉంటుంది. అయినా తెలుగునాట ఆధునిక చిత్రకళకు పునాది పడిన చోట్లలో రాజమహేంద్రవరం ఒకటి కావడానికి కారణం, ఒక కళాశాలలో తరగతి గది బయట సాగిన బోధనే.

ఆస్వాల్డ్ కూల్డ్రే 1909 నుంచి 1919 వరకు రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆక్స్‌ఫర్డులో చదువుకున్న ఆయన వృత్తి ఇంగ్లీషు బోధన, అభిరుచులు కవిత్వం, నీటిరంగుల చిత్రలేఖనం. పాఠ్యప్రణాళికలో చిత్రకళ లేకపోయినా ఆసక్తి ఉన్న విద్యార్థులను వెంటబెట్టుకుని గోదావరి పరిసరాల్లో బొమ్మలు వేయించేవారు. వారిలో కొందరిని అజంతా గుహలకు తీసుకెళ్ళి అక్కడి కుడ్యచిత్రాలను, అంటే గోడల మీద వేసిన చిత్రాలను, దగ్గరగా చూడనిచ్చారు. ఆయన ప్రభావంలో ఎదిగినవారిలో దామెర్ల రామారావు చిత్రకారుడయ్యారు, అడివి బాపిరాజు చిత్రకారుడూ నవలాకారుడూ అయ్యారు, కవికొండల వెంకటరావు కవి అయ్యారు. ఒక్క ప్రయత్నం నుంచి మూడు దారులు చీలడం గమనించదగిన విషయం, ఎందుకంటే కూల్డ్రే నేర్పింది చిత్రలేఖనపు మెళకువలకంటే చూసే అలవాటునే.

అజంతా గోడల ముందు కూర్చుని చూసినదాన్ని చేత్తో తిరిగి గీసే ఆనవాయితీ అప్పటికే ఉంది. బొంబాయి జె.జె. కళాశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి 1885 వరకు తన విద్యార్థులతో ఆ చిత్రాలకు నకళ్ళు తీయించారు. 1909-11 మధ్య క్రిస్టియానా హెరింగ్‌హామ్ ఆధ్వర్యంలో నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్, హైదరాబాదుకు చెందిన సయ్యద్ అహ్మద్ తదితరులు మరోసారి ఆ పని చేశారు. నకలు తీయడం అంటే గుడ్డి అనుకరణ అనే అభిప్రాయం తరువాతి కాలంలో బలపడింది గానీ, కళాచరిత్ర అభ్యాసంగా చూస్తే దానికి ఉన్న విలువ వేరు. ఒక బోధిసత్త్వుడి భుజం వంపును గీయబోయిన విద్యార్థికి ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఒడలికి గుండ్రదనం ఎలా వచ్చిందో తేల్చుకోక తప్పదు. ఉపన్యాసంలో శైలీ లక్షణం అనే మాటగా వినిపించేది ఇక్కడ చేతికి ఎదురయ్యే చిక్కుగా మారుతుంది.

1897లో రాజమహేంద్రవరంలో పుట్టిన దామెర్ల రామారావు, కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలలో చేరి, అక్కడ పాశ్చాత్య వాస్తవిక పద్ధతిలో శరీర నిర్మాణం, వెలుగునీడలు అభ్యసించారు. స్వస్థలానికి తిరిగి వచ్చి 1920ల మొదట్లో చిత్రకళాశాలను నెలకొల్పి, శిష్యులకూ, భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకూ చిత్రకళ నేర్పారు. 1925 ఫిబ్రవరిలో మశూచికంతో మరణించేనాటికి ఆయనకు 28 ఏళ్ళు నిండలేదు. వరదా వెంకటరత్నం మొదలైన సహచరులు ఆ కృషిని కొనసాగించారు. ఆయన పేరిట నగరంలో వెలసిన చిత్రశాలలో తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలతోపాటు రేఖాచిత్రాలూ స్కెచ్ పుస్తకాలూ భద్రపడి ఉన్నాయి.

కూల్డ్రే కథను ఆదర్శంగా మాత్రమే చెప్పుకుంటే సరిపోదు. ఆయన వలస ప్రభుత్వపు ప్రిన్సిపాల్. తనకు నచ్చిన కొద్దిమందినే వెంట తిప్పుకోగల వెసులుబాటు ఆయనకు ఉంది. మార్కుల పట్టికకూ ఆ ప్రయాణాలకూ సంబంధం లేదు. అరవై మంది ఉన్న నేటి తరగతికి, సెమిస్టరు గడువులోపల, అందరికీ అందేలా ఆ పనిని ఎలా చేయాలన్నది అసలు ప్రశ్న. క్రియాశీల అభ్యసనం పేరుతో గత కొన్ని దశాబ్దాల్లో రూపొందిన పద్ధతులు ఉపయోగపడేది ఇక్కడే.

వాటిలో మొదటిది, అన్నిటికంటె ఖర్చు తక్కువది, నిదానంగా చూడటం. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కళాచరిత్ర బోధించే జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులను పరిశోధన మొదలుపెట్టే ముందు ఒకే చిత్రం ఎదుట మూడు గంటలు గడపమంటారు. ఉడుతతో ఉన్న బాలుడిని చూపే 1765 నాటి ఒక అమెరికన్ చిత్రంలో, బాలుడి చెవి ఆకారమే ఉడుత పొట్ట అంచు వెంబడి మళ్ళీ కనిపిస్తుందని గ్రహించడానికి తనకే తొమ్మిది నిమిషాలు పట్టిందని ఆమె రాశారు. మూడు గంటలు మన కళాశాలల్లో సాధ్యం కాకపోవచ్చు. అరగంట మాత్రం సాధ్యమే, పైగా దామెర్ల చిత్రశాల కళాశాల ఉన్న నగరంలోనే ఉంది. యశోధర పట్ల సిద్ధార్థుడిలో అనురాగం అంకురించే ఘట్టాన్ని దామెర్ల చిత్రించిన సిద్ధార్థ రాగోదయాన్ని విద్యార్థులు ముందుగా కథ తెలియకుండా చూడాలి, కనిపించినవాటిని రాసుకోవాలి, ఎవరి చూపు ఎటు వెళుతున్నదో గీతలతో గుర్తించాలి, ఆ తరువాతే కథను, కాలాన్ని, చిత్రకారుడి శిక్షణను తెలుసుకోవాలి. ఈ వరసను తలకిందులు చేస్తే, అంటే కథ ముందు చెబితే, కన్ను ఆ కథనే వెతుక్కుని అక్కడితో ఆగిపోతుంది.

చూసినదాన్ని మాటల్లో పెట్టించడానికి ఫిలిప్ యెనవైన్, అబిగెయిల్ హౌసెన్ రూపొందించిన మూడు ప్రశ్నల పద్ధతి మ్యూజియాల్లో బాగా వ్యాప్తి చెందింది. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది, అలా అనుకోవడానికి ఏది కనిపించింది, ఇంకా ఏమున్నాయి అన్నవే ఆ ప్రశ్నల సారాంశం. రెండో ప్రశ్నే దీనికి ప్రాణం, ఎందుకంటే అది అభిప్రాయాన్ని ఆధారంతో ముడివేస్తుంది. నోరు విప్పడానికి మొహమాటపడే విద్యార్థులు మన తరగతుల్లో ఎక్కువ కాబట్టి, మొదట ఒంటరిగా ఆలోచించి, పక్కవారితో చెప్పుకుని, ఆపైన తరగతికి వినిపించే పద్ధతి ఇక్కడ మరింత అక్కరకు వస్తుంది; ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించిన ఈ చిన్న ఉపాయం ఏ పరికరాన్నీ కోరదు.

అయితే డెల్టాకు ఉన్న అసలు సంపద ఆలయాల్లో ఉంది. రాజమహేంద్రవరం నుంచి సామర్లకోటకు వెళ్ళే రైలు మార్గంలోనే కడియం, ద్వారపూడి, అనపర్తి దాటాక బిక్కవోలు స్టేషను వస్తుంది. తూర్పు చాళుక్యుల వాస్తుకళను అర్థం చేసుకోవడానికి బిక్కవోలు, సామర్లకోట అనే రెండు ప్రధాన ఘట్టాలను ఒకే రోజు, ప్యాసింజరు బండి టిక్కెట్టు ఖర్చుతో చూపగలగడం ఏ కళాచరిత్ర శాఖకైనా అసూయ కలిగించే అవకాశం. పాఠ్యపుస్తకంలో మాత్రం ఈ రెండు ఊళ్ళూ సాధారణంగా ఒకే వాక్యంలో ముగిసిపోతాయి.

బిక్కవోలు ఆలయాల్లో ఎక్కువ భాగం తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి (848-891) కాలానికీ దాని చుట్టుపక్కల కాలానికీ చెందినవని చరిత్రకారుల అభిప్రాయం. ఊళ్ళోని గోలింగేశ్వరాలయం నిత్యపూజలు అందుకుంటూ ఉండగా, ఊరి బయట పొలాల వైపు ఉన్న నక్కలగుడి వంటివి పెద్దగా జనసంచారం లేకుండా నిలిచి ఉన్నాయి. ఈ తేడాయే బోధనకు అనుకూలం. పొలాల వైపు ఉన్న గుళ్ళ దగ్గర విద్యార్థులు తీరికగా తిరగవచ్చు, కొలవవచ్చు, నేల మీద కూర్చుని గీయవచ్చు. అధిష్ఠానం అంటే గోడకు కింద అడ్డ పట్టీల వరసలతో ఉండే పీఠం. విమానం అంటే గర్భగృహమూ దానిపైన అంతస్తులుగా లేచే శిఖర భాగమూ కలిసిన కట్టడం. దేవకోష్ఠం అంటే గోడలో విగ్రహం కోసం తొలిచిన గూడు. ఆ గూటి పైన మకరాల నోళ్ళ నుంచి వెలువడే తోరణం మకరతోరణం. ఈ నాలుగు పదాలను నల్లబల్ల మీద రాసి అర్థం చెప్పడానికి పది నిమిషాలు చాలు, పరీక్ష అయ్యాక మరిచిపోవడానికి అంతకంటె తక్కువే పడుతుంది. విద్యార్థికి పేర్లు చెప్పకుండా గోడను కింది నుంచి పైదాకా గీయమని, గీతలో వచ్చిన ప్రతి మార్పు దగ్గరా ఒక అంకె వేయమని అడిగితే, అరగంట తరువాత అతడే వాటి పేర్లేమిటని అడుగుతాడు. అప్పుడు పదం అవసరం కొద్దీ వస్తుంది కాబట్టి నిలుస్తుంది.

గోలింగేశ్వరాలయంలోని ఆలింగన చంద్రశేఖరమూర్తి, అంటే పార్వతిని చేత చుట్టి నిలిచిన శివుడి ప్రతిమ, మరో రకమైన అభ్యాసానికి తగినది. విగ్రహలక్షణ శాస్త్రం, అంటే ఆయుధాలు, చేతుల ముద్రలు, వాహనాలను బట్టి దేవతను గుర్తించే విద్య, సాధారణంగా జాబితాలుగా కంఠస్థం చేయిస్తారు. ఆ జాబితా చేతికిచ్చి విగ్రహాల మధ్యకు పంపితే, శాస్త్రం చెప్పినదానికీ శిల్పి చేసినదానికీ ఎక్కడ పొంతన కుదిరిందో, ఎక్కడ కుదరలేదో విద్యార్థులు తేల్చుకోగలరు. కుదరని చోటే చర్చ మొదలవుతుంది, కళాచరిత్ర కూడా అక్కడే మొదలవుతుంది.

సామర్లకోట కుమారారామ భీమేశ్వరాలయం, ద్రాక్షారామ భీమేశ్వరాలయం పంచారామాలనే అయిదు శైవక్షేత్రాల్లో రెండు. ఆ రెంటి నిర్మాణాన్నీ చాళుక్య భీముడితో ముడిపెడతారు. రెండు చోట్లా గర్భగృహం రెండంతస్తులు, లింగం కింది అంతస్తు నుంచి పైకప్పును దాటి పై అంతస్తులోకి లేస్తుంది, అర్చన పైన జరుగుతుంది. ఒకే ఆలోచనను ఇంత దగ్గరి దూరంలో రెండుసార్లు కట్టడం పోల్చి చూసే పద్ధతికి చేతికందేలా అమిరిన పాఠం. వోల్ఫ్‌లిన్ గోడ మీద చూపినదాన్ని ఇక్కడ నడిచి చూడవచ్చు, మెట్లెక్కి దేహంతో కొలవవచ్చు, పైగా ఛాయాచిత్రం ఎప్పటికీ చెప్పలేని చీకటినీ ఇరుకునూ అనుభవించవచ్చు. తరగతిని రెండు జట్లుగా విడగొట్టి, ఒక జట్టు సామర్లకోటలో, మరొకటి ద్రాక్షారామంలో ప్రణాళికా చిత్రం గీసుకుని వచ్చి, తరువాత ఒకరికొకరు బోధించుకోవాలి. తన దగ్గర లేని సగం పాఠం కోసం ఎదుటివారిని అడగక తప్పని ఈ ఏర్పాటులో ఎవరూ ఊరికే కూర్చోలేరు. ద్రాక్షారామంలో వందలాది శాసనాలు ఉన్నాయి. శతాబ్దాల పాటు వేర్వేరు వంశాల వారు, వారి ఉద్యోగులు, సామాన్య దాతలు చేయించిన ఆ రాతలను బట్టి గుడి ఒకే రాజు ఒకే కాలంలో ముగించిన వస్తువు కాదని, తరతరాలుగా పెరుగుతూ వచ్చిన సంస్థ అని విద్యార్థికి అర్థమవుతుంది. ఆ గ్రహింపు కేవలం శైలి మీద దృష్టి పెట్టే పాఠాల్లో దొరకదు.

డెల్టా దాటి మెట్ట ప్రాంతంలోకి వెళితే కామవరపుకోట దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. క్రీస్తుపూర్వపు శతాబ్దాలకు చెందిన అక్కడి గుండ్రని చైత్యగృహంలో, అంటే స్తూపాన్ని మధ్యలో ఉంచుకున్న ప్రార్థనా మందిరంలో, పైకప్పుకు లోపలివైపున రాతి వాసాలు చెక్కి ఉన్నాయి. కొండను తొలిచిన గదికి వాసాలతో పని ఏమిటన్న ఒక్క ప్రశ్న వేసి అధ్యాపకుడు ఊరుకుంటే చాలు. కర్రతో కట్టిన గుండ్రటి ఇంటిని శిల్పి రాతిలో తిరిగి చేశాడన్న సమాధానానికి తాటాకు ఇళ్ళు చూసిన పల్లె విద్యార్థులే ముందుగా చేరుకునే అవకాశం ఎక్కువ. తరగతిలో వెనుకబడినవారిగా ముద్రపడిన విద్యార్థులకు ఇటువంటి చోట వచ్చే పైచేయి చిన్న విషయం కాదు.

పాత్రధారణ కూడా ఒక పద్ధతి. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలలో మార్క్ కార్న్స్ 1990లలో రూపొందించిన తీరులో విద్యార్థులు ఒక చారిత్రక వివాదంలోని వ్యక్తుల పాత్రలు తీసుకుని, మూలగ్రంథాలు చదివి, తమ పక్షాన వాదిస్తారు. దీనికి తెలుగు సందర్భం వెతుక్కోనక్కరలేదు. 1920లలో మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ వంగ (బెంగాల్) చిత్రరీతిని బోధించగా, అదే కాలంలో రాజమహేంద్రవరంలో దామెర్ల, ఆయన మిత్రులు సజీవ నమూనాలను చూసి గీసే వాస్తవికతను భారతీయ రేఖతో జోడించారు. అడివి బాపిరాజు రాజమహేంద్రవరంలో కూల్డ్రేకూ, మచిలీపట్నంలో ఛటర్జీకీ శిష్యుడు కావడం ఈ వివాదాన్ని మరింత ఆసక్తికరం చేస్తుంది. జాతీయ కళ ఎలా ఉండాలి, పాశ్చాత్య శరీరచిత్రణ నేర్చుకోవడం లొంగిపోవడమా అన్న చర్చను విద్యార్థులు ఇరువైపులా నిలబడి చేస్తే, వంగ రీతి లక్షణాలు అయిదు రాయుము అన్న ప్రశ్నకు ప్రాణం వస్తుంది. కాకపోతే ఇది ఆధారాలు చదివి వచ్చినవారితోనే ఫలిస్తుంది; చదవకుండా చేస్తే కళాశాల వార్షికోత్సవ నాటికగా దిగజారుతుంది.

ఈ పద్ధతుల ఫలితం గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడిన ఒక విశ్లేషణ 225 అధ్యయనాలను కలిపి చూసి, ఉపన్యాసం మాత్రమే సాగే తరగతుల్లో సగటున సుమారు 34 శాతం, క్రియాశీల తరగతుల్లో సుమారు 22 శాతం మంది అనుత్తీర్ణులవుతున్నారని తేల్చింది. ఆ అధ్యయనాలు సైన్సు, ఇంజనీరింగు, గణిత పాఠాలవి. వాటి అంకెలను కళాచరిత్రకు యథాతథంగా అన్వయించడం సరికాదు. పైగా ఉపన్యాసానికి ఉండే చోటు పూర్తిగా పోదు. తూర్పు చాళుక్యుల వేంగి రాజకీయం, చోళులతో వియ్యాలు, శైవమత వ్యాప్తి తెలియకుండా పొలంలో కూర్చుని గీసిన మకరతోరణం అందమైన బొమ్మగానే మిగులుతుంది. చూపు ముందు, వివరణ తరువాత అన్న క్రమం కుదిరితే ఉపన్యాసం కూడా విద్యార్థి ప్రశ్నకు జవాబుగా వినిపిస్తుంది.

ఆచరణలో చిక్కులు ఉన్నాయి. పూజలు జరిగే గుడిలో విద్యార్థులు భక్తులకు అడ్డు కాకూడదు, గర్భగృహంలో ఫొటోలు కుదరవు, రక్షిత కట్టడాల వద్ద కొలతలు తీయడానికి ముందస్తు అనుమతి అడగడం మేలు. పెన్సిలు పట్టడం రాదని వెనకాడేవారికి ఇది చిత్రలేఖన పరీక్ష కాదని మొదటి రోజే చెప్పాలి. వంకర గీత కూడా గమనించినదానికి సాక్ష్యమే. అన్నిటికంటె పెద్ద చిక్కు మూల్యాంకనం. సెమిస్టరు చివర మూడు గంటల రాతపరీక్ష పాత ప్రశ్నలే అడుగుతూ ఉంటే విద్యార్థి తెలివిగా గైడు కొనుక్కుంటాడు, అతడిని తప్పుపట్టడానికి లేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు తమ ప్రశ్నపత్రాన్ని తామే రూపొందించుకోగలవు కనుక అక్కడ మార్పుకు వీలుంది: విద్యార్థి అంతకుముందు చూడని ఒక దేవకోష్ఠం ఫొటో ఇచ్చి, కనిపించినదాన్ని వర్ణించినందుకు కొన్ని మార్కులు, కాలాన్ని ఊహించి కారణాలు చెప్పినందుకు కొన్ని, ఈ ఫొటో ఆధారంగా తేల్చలేనివి ఏమిటో రాసినందుకు మరికొన్ని ఇవ్వవచ్చు. దానికి తోడు సెమిస్టరు పొడవునా నింపిన స్కెచ్ పుస్తకానికి అంతర్గత మార్కులు ఉండాలి. అరవై పుస్తకాలను పేజీ పేజీ తిప్పి, ప్రతిదాంట్లో నాలుగు మాటలు రాయడానికి అధ్యాపకుడికి వారాలు పడుతుంది. ఆ సమయాన్ని పనిభారంలో లెక్కించని కళాశాలలో ఈ ప్రయత్నం ఎంత ఉత్సాహంగా మొదలైనా రెండో ఏటికల్లా మళ్ళీ స్లయిడ్ల దగ్గరికే చేరుతుంది.